రొట్టెల మూటలో పుస్తకం

విజయదశమికి ముందురోజు రాత్రి కాగజ్‌నగర్‌లో నాగ్‌పూర్ వైపు వెళ్లే రైలెక్కాను. జనరల్ బోగీలో కూర్చోవడం మాట అటుంచి, రెండు పాదాలూ ఆనించి నిలబడే చోటే గగనమైంది. చుట్టిన నీలి జెండాలు పట్టుకున్న కుర్రాళ్లు, తెల్లచీరల్లో ఆడవాళ్లు, వాళ్ల భుజాల మీద నిద్రపోతున్న పిల్లలు. తలుపు పక్కన సంచి మీద కూర్చున్న ఒక అవ్వ నా అవస్థ చూసి కాళ్లు ముడుచుకుని, "జై భీమ్ బిడ్డా, ఈడ కూసో" అంది. సిర్పూర్ అవతలి పల్లె ఆమెది. నేతకాని కులం, కూలిపని. ఒళ్లో గుడ్డమూట. అందులో జొన్నరొట్టెలు, మిరపకాయ తొక్కు, ఉల్లిగడ్డలు.

ఏటా వెళ్తావా అని అడిగాను. పెళ్లయిన నాటి నుంచి వెళ్తూనే ఉన్నానంది. "దీక్షాభూమి చూసొస్త. ఒక బుక్కు తెచ్చుకుంట."

"చదువొచ్చా అవ్వా?" అనేసి నాలుక కరుచుకున్నాను.

ఆమె మాత్రం నొచ్చుకోలేదు. "నాకేడిది బిడ్డా సదువు? సదువుతనని తెస్తనా? ఇంట్ల ఉండాలె."

ఇంట్లో ఉండాలి! పాతికేళ్లుగా పుస్తక ప్రదర్శనల చుట్టూ తిరుగుతున్న నేను ఆ మాటకు ఏం జవాబు చెప్పాలో తోచక ఊరుకున్నాను. డిసెంబరులో హైదరాబాద్, జనవరిలో విజయవాడ, వీలైనప్పుడు ఢిల్లీ. సంచులు నింపుకుని రావడం, సగం చదివి సగం అటక మీద పెట్టడం, మళ్లీ ఏడాది కొత్త సంచితో బయలుదేరడం. నన్ను నేను గొప్ప పాఠకుడిగానే లెక్కగట్టుకున్నాను. అలాంటివాణ్ని ఒక రాత్రి ప్రయాణం దూరంలో ఉన్న దీక్షాభూమికి ఇన్నేళ్లలో ఒక్కసారీ వెళ్లలేదు. అది యాత్రాస్థలమనుకున్నాను గానీ పుస్తకాల సంత అనుకోలేదు. నా చదువు నాకు నేర్పిన గుడ్డితనాల్లో ఇదొకటి.

బల్లార్షా దాటి చంద్రపూర్ వచ్చేసరికి బోగీలో నినాదాలు మొదలయ్యాయి. 1956 అక్టోబరు 14న నాగ్‌పూర్‌లో లక్షలాది మందితో కలిసి బౌద్ధం స్వీకరించిన అంబేడ్కర్, రెండు రోజుల తర్వాత 16న ఇదే చంద్రపూర్‌లో మరోసారి దీక్ష ఇచ్చారు. అవ్వ పెళ్లయి వచ్చిన ఇంట్లో ఆమె మామ ఆ సభకు ఎడ్లబండి మీద వెళ్లాడట. ఆయన ఆ రోజు ఏం తెచ్చాడో ఆమెకు తెలియదు. ఇంట్లో దేవుడి పటాలు మాత్రం ఆ మర్నాటి నుంచి లేవని చెప్పింది.

నాగ్‌పూర్ స్టేషన్ నుంచి దీక్షాభూమి దాకా జనం నడిచే వెళ్తారు. సీతాబర్డీ మీదుగా తెల్లవారుజామున ఆ ప్రవాహంలో పడితే దారి అడగనక్కర లేదు. దారి పొడవునా బల్లలు వేసి అన్నం, పోహా, మంచినీళ్లు ఉచితంగా పెడుతున్నారు. ఏ బల్ల దగ్గరా ఎవరి కులమేమిటని అడిగేవారు లేరు. ఆ ప్రశ్నను వదిలించుకునేందుకే కదా వీళ్ల తాతలు ఇక్కడికి వచ్చింది. అదే రోజు అదే నగరంలో, 1925 విజయదశమి నాడు పుట్టిన మరో సంస్థ కూడా తన ఉత్సవం జరుపుకుంటుంది. టీవీ కెమెరాలు ఎక్కువగా అటే తిరిగి ఉంటాయి. ఆ సంస్థకు పోటీగానే నాగ్‌పూర్‌ను ఎంచుకున్నారన్న ప్రచారాన్ని అంబేడ్కర్ దీక్ష మర్నాటి ఉపన్యాసంలోనే తోసిపుచ్చారు. బౌద్ధాన్ని నలుదిక్కులా మోసిన నాగజాతి నేల కనుక ఈ ఊరిని ఎంచుకున్నామన్నారు. అయినా ఆ ప్రచారం ఇంకా బతికే ఉంది.

స్తూపం ఇంకా దూరంగా ఉండగానే పుస్తకాలు మొదలయ్యాయి. మొదట నేల మీద పరిచిన పట్టాలు, ఆ తర్వాత బల్లలు, ఆ తర్వాత రేకుల పందిళ్లు. రెండు పక్కలా వరుసలే వరుసలు. మరాఠీ, హిందీ, కొంత ఇంగ్లీషు. ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’ ఇటుకల్లా పేర్చి ఉంది. ఫులే ‘గులామ్‌గిరీ’, ‘షేత్కర్యాచా ఆసూడ్’, ధనంజయ్ కీర్ రాసిన జీవితచరిత్ర, ఖైర్‌మోడే రాసిన బహుళ సంపుటాల చరిత్ర, దయా పవార్ ‘బలుత’, అణ్ణాభావు సాఠే ‘ఫకీరా’, హిందీలో పెరియార్, కబీరు, రాజ్యాంగం ప్రతులు. వాటి మధ్య అరచేతిలో ఇమిడే బుద్ధవందన పుస్తకాలు, 22 ప్రతిజ్ఞల కరపత్రాలు.

పుస్తకాల కన్నా కొనేవాళ్లనే ఎక్కువసేపు చూశాను. మన ప్రదర్శనల్లో పాఠకుడు పుస్తకం తీస్తాడు, వెనక అట్ట చదువుతాడు, ధర చూస్తాడు, పెట్టేస్తాడు. నేనూ అంతే. ఇక్కడ ఒక మధ్యవయసు మనిషి పంచె ముడి విప్పి, మడతలు పడ్డ నోట్లు లెక్కపెట్టి, ముందే అనుకుని వచ్చిన పుస్తకం పేరు చెప్పి అడుగుతున్నాడు. పక్కన అతని కూతురు తన జాబితా కాగితం నుంచి మరో రెండు పేర్లు చదువుతోంది. ఒక కుర్రాడు భూమిహక్కుల చట్టం మీద పుస్తకం ఉందా అని మూడు దుకాణాలు తిరిగాడు. ఒక ముసలాయన తాను చదివేశానంటూ నిరుటి పుస్తకాన్ని తెచ్చి, దీని తర్వాతి భాగం ఇమ్మంటున్నాడు. వీళ్లలో చాలామంది కూలీలు, పారిశుద్ధ్య కార్మికులు, ఆటో డ్రైవర్లు, అంగన్‌వాడీ పనివాళ్లు. మన సాహిత్య సభల్లో ‘పాఠకులు తగ్గిపోతున్నారు’ అని నిట్టూర్చేవారిని ఒక్కసారి ఇక్కడికి తీసుకురావాలనిపించింది. ఆ నిట్టూర్పు ఏ పాఠకుల గురించో అప్పుడు తేలుతుంది.

ఇక్కడ ఇటుకల్లా పేర్చిన ఆ పెద్ద పుస్తకానికి ఒక కథ ఉంది. 1956 సెప్టెంబరు 14న, అంటే దీక్షకు సరిగ్గా నెల ముందు, అంబేడ్కర్ ప్రధాని నెహ్రూకు ఉత్తరం రాశారు. బుద్ధుడి 2,500వ జయంతి ఉత్సవాలు ప్రభుత్వమే జరుపుతున్న సంవత్సరమది. తన పుస్తకం అచ్చుకు సుమారు 20 వేల రూపాయలవుతోందని, అది తన శక్తికి మించిన భారమని, ప్రభుత్వం ఒక 500 ప్రతులు కొని గ్రంథాలయాలకూ ఉత్సవాలకు వచ్చే పండితులకూ పంచితే సాయమవుతుందని అడిగారు. మర్నాడే జవాబు వచ్చింది. ప్రచురణలకు కేటాయించిన సొమ్ము అయిపోయిందని, కొనలేమని, ఉత్సవాల సందర్భంగా ఢిల్లీలోనూ ఇతర చోట్లా పుస్తకాన్ని అమ్మకానికి పెట్టుకోవచ్చని నెహ్రూ సూచించారు. అంబేడ్కర్ డిసెంబరు 6న కన్నుమూశారు. పుస్తకం 1957లో బొంబాయి సిద్ధార్థ కళాశాల ప్రచురణగా వెలువడింది. రచయిత దాన్ని అచ్చులో చూసుకోలేదు.

కేంద్ర ప్రభుత్వం 500 ప్రతులు కొనలేకపోయిన పుస్తకాన్ని ఇవాళ కూలిడబ్బులతో జనం కొంటున్నారు. నెహ్రూ సలహా ఆ రకంగా నెరవేరింది, కాకపోతే ఢిల్లీలో కాదు.

దీక్షాభూమి వరుసల్లో నడుస్తుంటే మరో ఉత్తరం కూడా గుర్తొచ్చింది. 1885లో పుణేలో మరాఠీ గ్రంథకర్తల సభ జరిగింది. నేటి అఖిల భారత మరాఠీ సాహిత్య సమ్మేళనానికి పూర్వరూపం అది. జస్టిస్ రానడే జోతిరావు ఫులేను ఆహ్వానించారు. ఫులే రానన్నారు. మనుషులందరికీ మానవహక్కులు మనస్ఫూర్తిగా ఒప్పుకోనివారి సభలకూ వారి గ్రంథాలకూ మా సభలతో, మా గ్రంథాలతో పొత్తు కుదరదన్న అర్థంలో జవాబు రాశారు. శూద్రులూ అతిశూద్రులూ ఏమేం భరిస్తున్నారో ఆ గ్రంథకర్తలకు ఎలా తెలుస్తుందని అడిగారు. దేశంలో రచయితల సభలు మొలకెత్తుతున్న రోజుల్లోనే ఆ సభల గడప మీద ఈ ప్రశ్న నిలబడింది. 140 ఏళ్లు గడిచాయి. ఆ ఉత్తరానికి సరైన జవాబు ఏ సమ్మేళన వేదిక నుంచీ వచ్చినట్టు నాకు తెలియదు గానీ, ఫులే చెప్పిన ‘మా గ్రంథాలు’ ఏమయ్యాయో చూడాలంటే మాత్రం ఈ వీధిలో నడవాలి.

మన వైపు చరిత్రలోనూ ఇలాంటి జంట ఘట్టమొకటుంది. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914లో బెజవాడలో ఏర్పడింది. తెలుగునాట చదువు వ్యాప్తికి అది చేసిన సేవ గొప్పది, సందేహం లేదు. మూడేళ్ల తర్వాత 1917లో అదే బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన మరో సభ జరిగింది. పంచములన్న పేరు మాకొద్దు, మేము ఆది ఆంధ్రులమని ఆ సభ ప్రకటించింది. గ్రంథాలయోద్యమ చరిత్ర చెప్పుకునేటప్పుడు మనం మొదటి సభతో మొదలుపెట్టి ముందుకు వెళ్లిపోతాం. ఊరి గ్రంథాలయం మెట్లెక్కే హక్కు లేనివారు అదే ఊళ్లో తమ పేరు తామే రాసుకున్న సంగతి ఇంకో పుస్తకంలో, ఇంకో అరలో ఉంటుంది.

అరల సంగతి వచ్చింది కనుక నా మొదటి పుస్తక ప్రదర్శన గురించి చెప్పాలి. అప్పుడు నేను సంక్షేమ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. స్నేహితుడి దగ్గర అప్పు తీసుకున్న నోటుతో కలిపి జేబులో నూట ఇరవై రూపాయలున్నాయి. ఒక పెద్ద దుకాణంలో రష్యన్ నవల అనువాదం తీసి పేజీలు తిప్పుతుంటే, గల్లాపెట్టె దగ్గరి ఆయన నా చొక్కా వైపు, చెప్పుల వైపు చూసి ఎంతో మర్యాదగా, "గ్రూప్స్ పుస్తకాలు అటు చివర ఉన్నాయి బాబూ" అన్నారు. ఆయన తిట్టలేదు, తరమలేదు. నిజంగా సాయం చేద్దామనే అనుకుని ఉంటారు. నేను ఆ నవల అక్కడే పెట్టి, ఆయన చెప్పినట్టే చివరికి వెళ్లి, సిగ్గుతో ఒక గ్రూప్-2 గైడు కొని బయటపడ్డాను. ఆ ఏడాది నోటిఫికేషన్ రాలేదు. గైడు హాస్టల్లోనే ఎవరో పట్టుకెళ్లారు. ఆ నవల మళ్లీ నా చేతికి రావడానికి ఏడేళ్లు పట్టింది.

మాలాంటి పిల్లవాడు పుస్తకం పట్టుకుంటే అది ఉద్యోగం కోసమే అయ్యుండాలన్నది ఈ సమాజం మనసులో ఉన్న అర. మేం రాస్తే దానికి ‘దళిత సాహిత్యం’ అన్న అర. మిగిలినవన్నీ నవలలు, కథలు, కవిత్వం. ఒక ప్రదర్శనలో మా పుస్తకం మీద చర్చకు నన్నూ పిలిచారు. మధ్యాహ్నం రెండు గంటలకు, భోజనాల వేళ, నలభై నిమిషాలు. ముగ్గురు వక్తలం, ఎదురుగా కుర్చీలు సర్దుతున్న ఇద్దరు పనివాళ్లు. సాయంత్రం ఆరింటికి అదే వేదిక మీద ‘తెలుగు సాహిత్యంలో సామాజిక న్యాయం’ అనే అంశంపై పెద్దలు మాట్లాడారు. ఆ సభ కిక్కిరిసిపోయింది. కుర్చీలు సర్దిన ఇద్దరిలో ఒకతను మాత్రం మా చర్చయ్యాక వచ్చి పుస్తకం ధరెంతని అడిగాడు.

అయితే మన ప్రదర్శనలు దండగని నేననడం లేదు. కారంచేడు, చుండూరు తర్వాత మాకు మేముగా అచ్చేసుకున్న చిన్న పుస్తకాలు చాలావరకు పాఠకుడికి చేరింది ఈ ప్రదర్శనల్లోనే. ‘చిక్కనవుతున్న పాట’ పేజీలు మొదటిసారి తిప్పింది ఇలాంటి ఒక బల్ల ముందే. ఏ మూలనో ఒక్క బల్ల అద్దెకు తీసుకుని, నలుగురు మిత్రులు వంతులవారీగా కాపలా ఉండి అమ్మిన ఆ పుస్తకాలు లేకపోతే నాబోటివాడు ఇవాళ ఈ నాలుగు వాక్యాలూ రాసేవాడు కాదు. ఆ బల్ల ఇంకా ఏ మూలన ఉంది, దాని అద్దె ఎంతయింది అన్నదే నా ప్రశ్న.

విజయవాడ సంగతి ఇంకా విచిత్రం. అక్కడి పుస్తక మహోత్సవానికి దశాబ్దాల పాటు ఇల్లు స్వరాజ్య మైదానం. జనవరి మొదటి వారమంటే ఆ మట్టి వాసనే గుర్తుకొస్తుంది నాకు. ఇప్పుడక్కడ 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం ఉంది. 2024 జనవరి 19న ఆవిష్కరించారు. పుస్తకాలు మరో చోటు వెతుక్కున్నాయి. విగ్రహం నాకూ గర్వమే. ఊరి నడిబొడ్డున ఆ మనిషి అంత ఎత్తున నిలబడడం ఎంతమంది కళ్లకు ఎంత మేలు చేస్తుందో నాకు తెలుసు. కానీ న్యూయార్కులో విద్యార్థిగా కడుపు కట్టుకుని పాత పుస్తకాలు పోగేసిన మనిషి ఆయన. ముంబయిలో రాజగృహను కట్టించుకున్నప్పుడు గ్రంథాలయం కోసమే ప్రత్యేకంగా చోటు వేయించుకున్న మనిషి. ఆయన విగ్రహం పాదాల దగ్గర ఏటా పదిరోజులు పుస్తకాలకు చోటుంటే ఆయనకేమీ ఇరుకయ్యేది కాదు.

ఇక అసలు విషయం. దీక్షాభూమిలో నేను తిరిగిన వరుసల్లో తెలుగు పుస్తకం ఒక్కటీ కనిపించలేదు. అక్కడ లేకపోవడం తప్పు కాదు, అది మరాఠీ నేల. కానీ ఆ లోటు నన్ను మరో జాబితా దగ్గరికి తీసుకెళ్లింది. 1936లో లాహోర్ జాత్‌పాత్ తోడక్ మండల్ తమ సభకు అధ్యక్షుడిగా అంబేడ్కర్‌ను పిలిచి, ప్రసంగ పాఠం చూసి భయపడి, సభనే రద్దు చేసుకుంది. ఆయన ఆ ప్రసంగాన్ని సొంత ఖర్చుతో అచ్చు వేసుకున్నారు. అదే ‘కుల నిర్మూలన’. 1,500 ప్రతులు రెండు నెలల్లో అయిపోయాయని రెండో కూర్పు ముందుమాటలో రాశారు. గుజరాతీ, తమిళంలోకి అనువాదమైందని, మరాఠీ, హిందీ, పంజాబీ, మలయాళంలోకి అవుతోందని కూడా రాశారు. ఆ జాబితాలో తెలుగు లేదు. ‘మాలపల్లి’ని 1922లోనే రాసుకున్న భాష, కుసుమ ధర్మన్న పాటలు పాడుకున్న భాష, ఆది ఆంధ్ర సభలు జరుపుకున్న భాష ఆ జాబితాలో లేకపోవడం చదివిన ప్రతిసారీ నాకు ముల్లులా గుచ్చుకుంటుంది. తర్వాత తెలుగులో వచ్చింది, చాలా కూర్పులు పొందింది. కానీ మనం ఆలస్యంగా వచ్చినవాళ్లం.

ఆ పుస్తకం ధర ఎనిమిది అణాలు. దాన్ని ‘హరిజన్’ పత్రికలో విమర్శిస్తూ గాంధీ, ధర రెండణాలకో కనీసం నాలుగణాలకో తగ్గించమని సలహా ఇచ్చారు. కులం విషయంలో ఆ ఇద్దరి మధ్య వాదంలో నేనెటువైపో ఈ పేజీ పాఠకులకు చెప్పనక్కర లేదు. ధర విషయంలో మాత్రం గాంధీతో నాకు పేచీ లేదు. సొంత డబ్బుతో అచ్చేసుకున్నవాడికి ధర తగ్గించమని చెప్పడం సులువేనన్న సంగతి వేరు.

ధరను తగ్గించగలిగింది ప్రభుత్వమే. మహారాష్ట్ర ప్రభుత్వం 1979 నుంచి అంబేడ్కర్ రచనలు, ప్రసంగాల సంపుటాలను చౌకగా అచ్చు వేసింది. దీక్షాభూమిలో వాటి కోసం క్యూలు కట్టడం అందుకే. అక్కడా సవ్యంగా సాగలేదు. సంపుటాల ముద్రణ నిలిచిపోయిందని పత్రికలో వచ్చిన వార్త చూసి 2021 డిసెంబరులో బొంబాయి హైకోర్టు తనంతట తానే విచారణకు స్వీకరించాల్సి వచ్చింది. అంబేడ్కర్ పుస్తకాలు అచ్చు వేయండని ఒక ఉన్నత న్యాయస్థానం ప్రభుత్వాన్ని అడగవలసిన రోజొచ్చిందంటే దానికి బాధపడాలి. అలా అడిగేంత గిరాకీ అక్కడ ఉన్నందుకు అసూయ కూడా పడాలి.

తెలుగులోనూ సంపుటాలు వచ్చాయి. నా దగ్గరున్న వాటిలో రెండు జిరాక్సు ప్రతులే. ఒకటి మిత్రుడి దగ్గర అరువు తెచ్చి తిరిగివ్వని నేరం. మిగిలినవి వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు ఏళ్లలో, వేర్వేరు పాత పుస్తకాల దుకాణాల్లో ఏరుకున్నవి. పరిశోధన చేస్తానని వచ్చే విద్యార్థులు మొదట అడిగేది ఆ సంపుటాల గురించే. నేను చెప్పేది ఫోన్లో పీడీఎఫ్ చదువుకోమని. రెండు రాష్ట్రాల్లోనూ ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతోంది. కట్టేవారిలో వాడల్లోని ఇళ్లవాళ్లూ ఉన్నారు. స్థానిక సంస్థలు ఆ సొమ్మును గ్రంథాలయ సంస్థలకు జమచేయకుండా బకాయిలు పెట్టడం ఏటా పత్రికల్లో చదివే వార్తే. ఆ డబ్బులో కొంత భాగంతో ఈ సంపుటాలన్నీ ఒక్కసారి కలిపి అచ్చేసి, ప్రతి సంక్షేమ హాస్టల్‌కూ ఒక జత ఇస్తే విగ్రహానికైన ఖర్చులో ఎన్నో వంతు అవుతుందో విద్యార్థి సంఘాలు లెక్కగట్టి అడగాలి. జయంతికి దండలు వేసే ప్రతి నాయకుడినీ ఆ వేదిక మీదే అడగాలి.

తిరుగు ప్రయాణంలో అవ్వ మళ్లీ కనిపించింది. ఆ జనంలో ఆమెను నేను వెతకలేదు, ఆమే నన్ను పట్టుకుంది. రొట్టెల మూట అలాగే ఉంది గానీ ఇప్పుడు అందులో రొట్టెలు లేవు. విప్పి చూపించింది. 22 ప్రతిజ్ఞల చిన్న పుస్తకం, బుద్ధుడి పటం, లావుపాటి ‘ధమ్మం’. దాని ధర ఎంతయిందో చెప్పలేదు, మూడు రోజుల కూలి అని మాత్రం చెప్పింది.

చిన్న పుస్తకం నా చేతికిచ్చి చదవమంది. దేవనాగరి లిపి నాకు తడుముకుంటూనే వస్తుంది, మరాఠీ ఇంకా అంతంతమాత్రం. ఒక్కొక్కటే చదువుతుంటే ఆమె వేళ్లు మడుస్తోంది. చుట్టూ ఉన్నవాళ్లు కొన్ని పదాలు నాతోపాటే పలుకుతున్నారు. మద్యం ముట్టననే ప్రతిజ్ఞ దగ్గర ఆపి, "ఇది రెండుసార్లు సదువు, మా ఇంటాయిన పేరు జెప్పి" అంది. బోగీ అంతా నవ్వింది. చివరిది చదివి పుస్తకం మూయబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇరవై ఒక్కటే అయినయ్ బిడ్డా. ఒకటి ఎగ్గొట్టినవ్."

వెనక్కి తిప్పి చూశాను. నిజమే, పేజీ మారేచోట ఒక వరుస దాటేశాను.

ఎగ్గొట్టిన ప్రతిజ్ఞ చదివించుకున్నాక లావు పుస్తకం సంగతి ఎత్తింది. ఆమె మనవడు తెలుగు మీడియం గురుకులంలో తొమ్మిదో తరగతి. మరాఠీ మాట్లాడతాడు గానీ చదవలేడు. నిరుడు తెచ్చిన పుస్తకాన్ని వాడు తిరగేసి, ఈ అక్షరాలు నాకు రావు అవ్వా అన్నాడట. "గిది తెలుగుల దొరకదా బిడ్డా? మీ పట్నంల గూడ బుక్కుల జాతర అయితదంట గదా."

దొరుకుతుందని, పంపిస్తానని చెప్పి గురుకులం చిరునామా రాసుకున్నాను. కాగజ్‌నగర్‌లో దిగేసరికి తెల్లవారింది. కాగితపు మిల్లు వైపు నుంచి ఆ ఊరివాళ్లకు తప్ప ఎవరికీ నచ్చని వాసన వస్తోంది. ఆమె మూట నెత్తిన పెట్టుకుని బస్సు వైపు వెళ్లిపోయింది.

డిసెంబరులో మా పట్నం జాతరకు ఈసారి జాబితా రాసుకుని వెళ్లాను. మొదటి పేరు అదే. పెద్ద దుకాణాలు నాలుగింట్లో అడిగితే రెండు చోట్ల అయిపోయిందన్నారు, ఒకచోట బుద్ధుడి మీద వేరే పుస్తకం చూపించారు, ఒకచోట ఇంగ్లీషులో ఉందన్నారు. చివరి వరుసలో, టీ కొట్టు పక్కన, ఒకే బల్ల పెట్టుకున్న ఇద్దరు కుర్రాళ్ల దగ్గర దొరికింది. బల్ల మీద లేదు, కింద అట్టపెట్టెలో ఉంది. మూడు ప్రతులుంటే మూడూ తీసుకున్నాను. ఒకటి గురుకులానికి పోస్టు చేశాను.

సంక్రాంతి సెలవుల్లో ఆ పిల్లవాడు ఫోన్ చేశాడు. పుస్తకం అందిందన్నాడు. కాసేపు ఊరుకుని, అవ్వ రోజూ రాత్రి రెండు పేజీలు చదివించుకుంటోందని, ఎక్కడ ఆపామో గుర్తుపెట్టుకుని మర్నాడు అక్కడి నుంచే అడుగుతోందని, తనకేమో మార్చిలో పరీక్షలున్నాయని, కాస్త మీరే చెప్పండి సార్ అన్నాడు.